ఛాత్రోపాధ్యాయుడు

ఛాత్రుడు అంటే విద్యార్థి. ఉపాధ్యాయుడు అంటే విద్య చెప్పేవాడు. బోధన నేర్చుకొంటున్న వ్యక్తికి మన విద్యాశాస్త్ర గ్రంథాలు ఈ రెండు మాటలను కలిపి ‘ఛాత్రోపాధ్యాయుడు’ అని పేరు పెట్టాయి. సంస్కృత వ్యాకర్తలు ‘ఛాత్ర’ శబ్దాన్ని ఛత్రం, అనగా గొడుగు, నుండి సాధించారు. గురువులోని లోపాలను గొడుగువలె కప్పేవాడు ఛాత్రుడని వారి వివరణ. ఈ వ్యుత్పత్తి విని నవ్వుకొన్నవారు కూడా ఒకసారి నల్లబల్ల ముందు నిలిచిన తరువాత దానిని తేలికగా త్రోసివేయలేరు.

చదువుకొంటున్నవాడే చదువు చెప్పడం మన దేశానికి కొత్త కాదు. వీధిబడులలో పెద్ద పిల్లలు చిన్నవారి చేత ఇసుకలో అక్షరాలు దిద్దించేవారు. 1789లో మద్రాసులోని సైనిక అనాథ బాలుర శరణాలయానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు, పిల్లలు ఇసుకలో వ్రాస్తున్న ఒక బడిని చూచి ముగ్ధుడయ్యాడు. ఆ పద్ధతిని అనుసరించడానికి తన సహాయోపాధ్యాయులు సుముఖత చూపకపోగా, ఆ పనిని ఎనిమిదేండ్ల బాలునికి అప్పగించాడు. ఈ ప్రయోగాన్ని గురించి 1797లో లండనులో పుస్తకం ప్రచురించాడు. అది ‘మద్రాసు పద్ధతి’గా ఇంగ్లండు పాఠశాలలకు ప్రాకింది. ఆ బాలునికి పాఠ్యపథకం వ్రాసే బాధ లేదు. నేటి ఛాత్రోపాధ్యాయునికి దానితోనే పని మొదలవుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలు 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలోనివే. ఆ నెల 11న సూర్యాపేట జిల్లా ఏర్పడగా కోదాడ అందులో చేరింది. మిర్యాలగూడ నల్లగొండలోనే నిలిచింది. ఈ ప్రాంతపు బి.ఎడ్. కళాశాలలు 2007లో నల్లగొండలో స్థాపితమైన మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. పూర్వం బి.ఎడ్. ఒక సంవత్సరపు చదువు. అందులో బడికి వెళ్లి పాఠాలు చెప్పే కాలం కొద్ది వారాలే. జస్టిస్ వర్మ కమిషన్ 2012లో ఉపాధ్యాయ శిక్షణ లోపాలను ఎత్తిచూపింది. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో చేసిన నిబంధనల ప్రకారం 2015-16 నుండి అది రెండు సంవత్సరాల చదువైంది. మొదటి సంవత్సరంలో 4 వారాలు, రెండవ సంవత్సరంలో 16 వారాలు ఛాత్రోపాధ్యాయుడు బడిలో గడపాలి.

బడికి పోవడానికి ముందు కళాశాలలోనే ‘సూక్ష్మబోధన’ జరుగుతుంది. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతి ఇది. ఒకే ఒక నైపుణ్యాన్ని, ప్రశ్నించడాన్నో నల్లబల్లను ఉపయోగించడాన్నో ఎంచుకొని సాధన చేస్తారు. మన దేశంలో అనుసరించే క్రమంలో బోధనకు 6 నిమిషాలు, విమర్శకు 6, మరల పథకం వ్రాసుకోవడానికి 12, మరల బోధించడానికి 6, తుది విమర్శకు 6, మొత్తం 36 నిమిషాలు. ఇక్కడ విద్యార్థులుగా కూర్చునేవారు సహాధ్యాయులే. ఆరవ తరగతి పిల్లలుగా నటిస్తున్న ఆ పట్టభద్రులు అడిగినదానికి చక్కగా సమాధానం చెబుతారు. రేపు తమ వంతు వస్తుంది గదా! ఈత నేర్పేవారు మొదట గట్టుమీదనే చేతులు ఆడించమంటారు; దాని వలన కొంత ప్రయోజనం లేకపోలేదు, కాని నీటి బరువు తెలియదు.

ఆ బరువు బడిలో తెలుస్తుంది. 45 నిమిషాలకని వ్రాసుకొన్న పాఠం 20 నిమిషాలలోనే అయిపోతుంది. మిగిలిన కాలం ఎదుట కొండవలె నిలుస్తుంది. “అర్థమైందా?” అని అడిగితే తరగతి అంతా ఒక్క గొంతుతో “అయింది సార్” అంటుంది. ఒక్కరిని లేపి అడిగితే మౌనం. ఆ రెంటికి నడుమ ఉన్న దూరమే ఉపాధ్యాయ శిక్షణలో అసలైన పాఠ్యాంశం. పథకంలో ‘విద్యార్థుల నుండి ఆశించిన సమాధానం’ అనే గడి ఉంటుంది. ఆశించని సమాధానానికి గడి ఉండదు. తరగతిలో ఎక్కువగా వచ్చేది అదే.

మిర్యాలగూడలో శాతాల పాఠాన్ని తీసుకొందాం. నాగార్జునసాగర్ ఎడమకాలువ నీరు 1967 నుండి ఈ ప్రాంతానికి వరిని తెచ్చింది, వరి వెంట బియ్యం మిల్లులు వెలిశాయి. బ్యాంకు వడ్డీ లెక్కతో శాతాన్ని ప్రారంభిస్తే పిల్లలు కొయ్యబారి చూస్తారు. ప్రభుత్వం మర పట్టించే ధాన్యంలో క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం రావాలన్న నియమాన్ని బల్ల మీద వ్రాసి, మిగిలిన 33 కిలోలు ఏమైనట్లని అడిగితే, వెనుక బల్ల వారు సైతం ఊక, తవుడు అంటూ లేస్తారు. లెక్క అదే, పిల్లలూ వారే. సూర్యాపేటలో కాకతీయుల పాఠానికి పటాలను అద్దెకు తేనక్కరలేదు. వారి సామంతులైన రేచర్ల రెడ్డి ప్రభువులు కట్టించిన ఆలయాలు సమీపాననే పిల్లలమర్రిలో ఉన్నాయి. అయినా అనేక పథకాలలో ఆ పేరు కనిపించదు, కారణం అవి గైడు చూచి వ్రాసినవి కావడమే.

భాష విషయం ఇంకా సున్నితమైనది. మిర్యాలగూడ పరిసర తండాల నుండి వచ్చే బిడ్డలకు ఇంటి భాష లంబాడీ. తెలుగు వారికి బడిలో రెండవ భాష. కోదాడ ఆంధ్రప్రదేశ్ సరిహద్దున ఉన్నది కాబట్టి ఒకే బల్ల మీద ఉల్లిగడ్డ, ఉల్లిపాయ రెండూ వినబడతాయి. పిల్లవాడు “మక్కలు” అనగానే “మొక్కజొన్న అనాలి” అని దిద్దడం తనకు అప్పగించిన పని అని ఛాత్రోపాధ్యాయుడు భావిస్తాడు. అతని ఉద్దేశం మంచిదే. కాని ఆ పిల్లవాడు మరునాటి నుండి నోరు విప్పకపోవచ్చు. ఆ మౌనానికి మార్కులు తగ్గించే గడి మూల్యాంకన పత్రంలో లేదు. దిద్దడానికి బదులు రెండు మాటలనూ బల్ల మీద ప్రక్కప్రక్కన వ్రాస్తే ఒక్క నిమిషంలో అది భాషాపాఠమే అవుతుంది.

బడిలో అతని స్థానం కూడా విచిత్రమైనదే. పిల్లలకు అతడు ‘సార్’. ఉపాధ్యాయుల గదిలో కుర్చీ ఖాళీ అయితే కూర్చోవలసినవాడు. ఎవరైనా సెలవు పెడితే ఆ పీరియడ్ అతనిదే. పిల్లలు మొదటి రోజే అడిగే ప్రశ్న, “ఎన్ని రోజులుంటరు సార్?” అన్నది. వారికి అది అవసరమైన సమాచారం. ఇక రాత్రులు రికార్డులతో తెల్లవారుతాయి. రంగుల గీతలు, అట్టలు, చార్టులు. చెప్పిన పాఠాలకు రికార్డు వ్రాయడం ఎంత న్యాయమో, చెప్పని పాఠాలకు వ్రాయడం అంత అన్యాయం. రెండవది కూడా కొన్నిచోట్ల జరుగుతున్నదనడం నిష్ఠురమైన మాటే, అయినా నిజం. అట్లా వ్రాసినవాడు నష్టపరిచేది తనను మాత్రమే కాదు. రేపు అతని ముందు కూర్చునే తరగతులన్నింటినీ.

చివరకు పర్యవేక్షకుడు వచ్చే రోజు వస్తుంది. ఆయన వెనుక బల్ల మీద కూర్చొని కలం తీస్తారు. అంతవరకు అల్లరిచేసిన తరగతి ఆ రోజు ఎందుకో సర్దుకొని కూర్చుంటుంది. ఎవరూ నేర్పకుండానే చేతులు లేస్తాయి. నిన్నటి ప్రశ్నకు తెల్లమొగం వేసినవారు నేడు గట్టిగా జవాబు చెబుతారు. బల్ల మీద అక్షరం తప్పితే ముందు వరుసలోని అమ్మాయి పెదవులు కదిలించి సైగ చేస్తుంది. గంట మ్రోగి, పర్యవేక్షకుడు గది దాటగానే పిల్లలు ఛాత్రోపాధ్యాయుని చుట్టూ మూగుతారు. వారిలో ఒకడు మెల్లగా అడుగుతాడు:

“మంచిగ చెప్పినమా సార్?”