కూర్చోనిస్తే బార్, పంపేస్తే షాపు

తాగే సరుకు ఒకటే అయినా, తాగే చోటు మారితే దాని పేరు, ఫీజు, కేసు అన్నీ మారిపోతాయి. సింగరాయకొండలోనైనా శ్రీకాకుళంలోనైనా ఎక్సైజు వాళ్ల లెక్క ఇదే. షాపులో సీసా కొనుక్కున్నవాడు దారి పట్టాలి. రోడ్డు మీద మూత తీస్తే కేసు. షాపు పక్కన పర్మిట్ రూముకు అనుమతి ఉంటే అక్కడే తాగొచ్చు గానీ వంటగది ఉండదు. పల్లీలు, చిప్స్, నీళ్ల ప్యాకెట్టుతో సరిపెట్టుకోవాలి. వంట, బల్ల, కుర్చీ, తెచ్చిపెట్టే మనిషి ఉంటే బార్. అందుకే మన బోర్డుల మీద ఆ మాట ఒంటరిగా కనబడదు, పక్కన రెస్టారెంట్ ఉండి తీరాలి. ఇక పబ్ అంటారా, హైదరాబాదు పబ్‌లకు ఉండేదీ బార్లకిచ్చే 2బి లైసెన్సే. పాటల హోరు, మసక వెలుతురు, బిల్లు మాత్రం వేరు. చట్టంలో లేనిదీ ఊళ్లో అందరికీ తెలిసినదీ బెల్టు షాపు.

అసలు పబ్ పుట్టిన బ్రిటన్‌లో పబ్ అంటే ఏమిటన్నది ఇంత తేలిగ్గా వదల్లేదు. అసలు సిసలు బీరు కోసం 1971లో పుట్టిన కామ్రా అనే వినియోగదారుల సంఘం ఏకంగా కొలతలే పెట్టింది. ఎవరైనా లోపలికి రావచ్చు, సభ్యత్వం అడగకూడదు. ఏదైనా తింటేనే తాగనిస్తామనకూడదు. భోజనాల బల్లలు వేయని చోటు లోపల కొంతైనా ఉండాలి. కౌంటరు దగ్గరికి వెళ్లి స్వయంగా కొనుక్కునే వీలుండాలి. పీపాలోంచి పట్టిచ్చే బీరో సైడరో ఒకటైనా ఉండాలి. ఈ కొలతలు పట్టుకుని వస్తే ఒంగోలు బార్లు వరసగా తప్పుతాయి. పీపా బీరు ఒక్కటి మినహాయిస్తే నెగ్గేది మన కల్లు పాక! సభ్యత్వం లేదు, భోజనం లేదు, గీసినాయన చేతి మీదుగానే ముంత అందుతుంది.

రికార్డుల సంగతికొస్తే, గిన్నిస్ అన్నది బీరు కంపెనీ పేరని చాలామందికి తట్టదు. 1951లో ఐర్లండులోని వెక్స్‌ఫర్డ్‌లో వేటకు వెళ్లిన ఆ కంపెనీ పెద్ద సర్ హ్యూ బీవర్‌కు ఒక వాదన ఎదురైంది. వేట పక్షుల్లో అన్నిటికన్నా వేగంగా ఎగిరేది ఏది? జవాబు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. పబ్‌లలో రోజూ ఇలాంటి తగాదాలే కదా, తీర్పు చెప్పే పుస్తకం ఒకటి ఉంటే బాగుండుననుకున్నాడు. నారిస్, రాస్ మెక్‌విర్టర్ అనే కవల సోదరులు దాన్ని తయారుచేశారు. 1955లో అచ్చయింది. మనవాళ్లు గోళ్లు పెంచి, తలకిందులుగా నిలబడి ఎక్కాలని తపించే ఆ పుస్తకం తాగేవాళ్ల పందేలు తీర్చడానికి పుట్టిందన్నమాట.

అంత పుస్తకమూ పబ్‌ల వయసు దగ్గర చేతులెత్తేసింది. సెయింట్ ఆల్బన్స్‌లోని యె ఓల్డ్ ఫైటింగ్ కాక్స్ ఇంగ్లండులో అన్నిటికన్నా పాతదని చాలాకాలం రాసుకుంది. రుజువు చేయడం సాధ్యం కాదని 2000లో ఆ రికార్డునే ఎత్తేశారు. ఐర్లండులో అథ్లోన్ ఊరి షాన్స్ బార్ మాత్రం క్రీ.శ. 900 నుంచీ ఉన్నానంటుంది. వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న కాలమది. నమ్మడం నమ్మకపోవడం ఎన్నో గ్లాసన్నదాన్ని బట్టి.

చిన్నదనం విషయంలో తగాదా తక్కువ. ఇంగ్లండులో బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లోని ది నట్‌షెల్ అనే పబ్ పొడవు 15 అడుగులు, వెడల్పు 7. మన లారీ తొట్టి కన్నా చిన్నది. 1984లో అందులో 102 మంది, వాళ్లతోపాటు ఒక కుక్క ఇరుక్కున్నారు. చాలాకాలం అన్నిటికన్నా పొడవైనదిగా పేరున్న కౌంటరు అమెరికాది: ఒహాయో రాష్ట్రంలో ఈరీ సరస్సు దీవి మీద, పుటిన్‌బే ఊళ్లో 1989లో తెరిచిన బీర్ బ్యారెల్ సెలూన్‌లో 405 అడుగుల 10 అంగుళాలు. ఈ చివర కూర్చున్నవాడు ఆ చివరివాడికి ఫోను చేసుకోవాలి. బ్రిటన్‌లో ఎత్తైనది యార్క్‌షర్ కొండల్లోని టాన్ హిల్ ఇన్, 1,732 అడుగులు. 2021 నవంబరులో మంచు తుపాను వచ్చి అరవై మందికి పైగా అక్కడే మూడు రాత్రులు చిక్కుపడ్డారు. వాళ్లలో పాటలు పాడడానికొచ్చిన బృందం కూడా ఉంది కనుక కష్టం అంతగా తెలియలేదట. పేర్లకు స్టేలీబ్రిడ్జ్ ఊరు ప్రసిద్ధి. ఆ ఒక్క ఊరి పబ్‌ల పేర్లలో ఒకటి బ్రిటన్‌లోకెల్లా పొడవైనదిగానూ, క్యూ అనే ఒక్క అక్షరంది పొట్టిదిగానూ రికార్డుకెక్కాయి.

నట్‌షెల్ కన్నా చిన్న అంగడి మన దగ్గరే ఉందని నా వాదన. టీఎఫ్‌టీ పేరుతో గీత కార్మికుడికి తన పేరనే లైసెన్సు ఇస్తారు. అతనికి రాసిచ్చిన చెట్లు గీసుకుని, ఆ కల్లు తనే అమ్ముకోవచ్చు. సింగరాయకొండ దగ్గర పాకల ఊరి తీరం వైపు ఇసుక నేలల్లో తాడిచెట్టు నీడే కప్పు, మొదలే కౌంటరు, తాటాకు దొన్నే గ్లాసు. పొద్దున్నే మోకు నడుముకు చుట్టి ఎక్కి, ముంత దించి, సరుకు అయిపోగానే దుకాణం మూత. ముంత లోపల సున్నం పూస్తే పులియదు, అది నీరా. పూయకపోతే పొద్దెక్కేసరికి కల్లు. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన 2023లో ఆ నీరాకు ప్రత్యేకంగా కేఫ్ తెరిచారు.

బ్రిటన్ కొలతల కన్నా ఎంతో పాత నిర్వచనం మన కౌటిల్యుడిది. అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణం చదివితే పానాగారం ఎలా ఉండాలో గదులతో సహా కనిపిస్తుంది. వేరువేరు గదులు, పడకలు, ఆసనాలు, పూలమాలలు, సుగంధాలు, నీళ్లు; ఏ ఋతువులోనైనా సుఖంగా ఉండాలి. మంచి నడవడి ఉన్నవాళ్లకు కొద్దిగా తప్ప సరుకు బయటికి ఇవ్వకూడదు. అంటే ఆయన దృష్టిలో ఉండాల్సింది బారే గానీ షాపు కాదు. ఎవడు తాహతుకు మించి ఖర్చు పెడుతున్నాడో గూఢచారులు కనిపెట్టాలనీ రాశాడు. ఇప్పుడా పని సీసీ కెమెరాలు చేస్తున్నాయి.

కల్లు మీద పడిపోయిన ప్రభుత్వం రికార్డు అచ్చంగా సింగరాయకొండ ఉన్న ప్రకాశం జిల్లా పేరుకే చెందుతుంది. సింగరాయకొండ నుంచి ఒంగోలు వైపు రైలెక్కితే వచ్చే టంగుటూరు టంగుటూరి ప్రకాశం పంతులు ఇంటిపేరులోని ఊరు. 1937లో రాజాజీ మంత్రివర్గం సేలం జిల్లాలో మద్య నిషేధం మొదలుపెట్టినప్పుడు ప్రకాశం అందులో రెవెన్యూ మంత్రి. మద్రాసు రాష్ట్రమంతటికీ వ్యాపించిన ఆ చట్టమే 1953 అక్టోబరు 1న పుట్టిన ఆంధ్ర రాష్ట్రానికీ, దాని తొలి ముఖ్యమంత్రి అయిన ఆయనకూ వారసత్వంగా వచ్చింది. గీత కార్మికుల బతుకుతెరువు పోయింది. చాటుగా గీసినవాళ్ల మీద కేసులు. వాళ్ల తరఫున గౌతు లచ్చన్న ఉద్యమం నడిపాడు. ప్రభుత్వమే వేసిన రామమూర్తి కమిటీ నిషేధం ఎత్తేయమంది, ప్రభుత్వం ఎత్తలేదు. 1954 నవంబరులో కర్నూలు శాసనసభలో అవిశ్వాసం నెగ్గింది: 69 మందికి 68 మంది. ఒక్క ఓటు! తుపాకీకి రొమ్ము విప్పి చూపిన మనిషిని కల్లు ముంత దించేసింది. 1972లో ఒంగోలు జిల్లాకు పెట్టింది ఆయన పేరే.

నలభై ఏళ్ల తరవాత కథ తిరగబడింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత పాఠాలకు కూర్చున్న ఆడవాళ్లు 1992లో సారా కొట్టు మూయించారు. ముందు నిలిచింది రోశమ్మ. ఏడాదికే, 1993 అక్టోబరులో, రాష్ట్రమంతా సారా బంద్. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం తెచ్చారు. బార్, షాపు, క్లబ్ అన్న తేడాలన్నీ ఒక్కసారిగా చెరిగిపోయాయి. 1997లో సడలించేదాకా మందుబాబులకు తీర్థస్థలం అప్పటి తూర్పు గోదావరి జిల్లా మధ్యలో పుదుచ్చేరి పాలనలో ఉన్న యానాం. దాని విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లే.

ఇక చివరిది దూరం తగాదా. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బార్లకూ ఇదే వర్తిస్తుందని 2017 మార్చి 31న తేల్చి, ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట్ల దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. చెన్నై–కోల్‌కతా రోడ్డును పట్టుకుని పెరిగిన సింగరాయకొండ లాంటి ఊళ్లన్నిటికీ టేపు పట్టాల్సి వచ్చింది. కేరళలోని ఉత్తర పరవూరులో రోడ్డుకు దగ్గర్లో ఉన్న బారు యజమాని మాత్రం కొట్టు కదపలేదు. వెనక ఉన్న ఖాళీ స్థలంలో పలకల గోడలు నిలిపి మెలికలు మెలికలుగా దారి వేయించాడు. కొలవాల్సింది నడిచే దూరం కనుక, లోపలికి చేరేసరికి 500 మీటర్లు దాటుతాయని లెక్క. తాగి బయటికి వచ్చేటప్పుడూ అదే దారి.