కంకర దారిలో సైకిల్ సవారీ

ఇంగ్లండ్ పల్లెల్లో మిట్టపల్లాల మట్టిదారుల మీద సైకిల్ తొక్కడం ఓ సరదా. అలాంటి దారులు మనకూ ఉన్నాయి... పలమనేరు, కుప్పం నడుమనున్న వెంకటగిరికోట చుట్టుపక్కల!

'ఆడపిల్లకి సైకిలెందుకు?' అనేవాళ్లకి పొరుగునున్న తమిళనాడులో పుదుక్కోట్టై మహిళలు 1990ల మొదట్లోనే జవాబు చెప్పారు. అక్షరాస్యత ఉద్యమంలో చదువుతోపాటు సైకిలూ నేర్చుకున్నారు, వేలాదిగా. బస్సు కోసం, మగతోడు కోసం ఎదురుచూపులు తగ్గాయి.

మరి మీరో? వెడల్పు టైర్లయితే కంకరలో పట్టు బాగుంటుంది. గాలి మరీ బిగువుగా కొట్టించకండి. పల్లంలో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టారో, బోర్లాపడతారు! చున్నీ, కొంగు బిగించి దోపుకోండి. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల్లోకొచ్చే ప్రాంతమిది. పొద్దువాలకముందే ఇల్లు చేరండి. ఆ భయం ఏనుగులకే చాలు. నలుగురూ ఏమంటారోనని మాత్రం ఆగకండి!