కువైట్ నుంచి రాయచోటికి ఒక బొకే: డబ్బులు పోకుండా, పూలు వాడకుండా పంపాలంటే

పోయిన రంజాన్ పండక్కి మా తమ్ముడు కువైట్ నుంచి అమ్మీకి పూల బొకే పంపించాడు. ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ చూసి, ఇరవై ఎర్ర గులాబీలు, చుట్టూ తెల్లటి చిన్న పూలు ఉన్న ఫొటో ఎంచుకుని 1,800 రూపాయలు కట్టాడు. బొకే అయితే వచ్చింది. కానీ పండగ రోజు కాదు, దానికి ముందు రోజు. అదీ ఇఫ్తార్‌కి పావుగంట ముందు, అమ్మీ పకోడీలు వేయిస్తున్నప్పుడు. విప్పి చూస్తే పది గులాబీలే ఉన్నాయి. మూడు అప్పటికే తల వంచేశాయి. మరుసటి రోజు ఈద్ నమాజ్ అయ్యి చుట్టాలు వచ్చే వేళకు మిగతావీ అంతే. తమ్ముడు వీడియో కాల్‌లో "అమ్మీ, పూలు చూపించు" అని అడిగితే "చానా బాగుండాయి బేటా, లోపల పెట్టినా" అని అమ్మీ మాట మార్చేసింది.

రాయచోటి, రాజంపేట, కడప వైపు కువైట్‌లో ఒక మనిషైనా లేని వీధి దొరకడం కష్టం. పండక్కి, నికాహ్‌కి, అమ్మానాన్నలు హజ్ చేసి వచ్చిన రోజుకి ఇంటికి రాలేని వాళ్లు పూలు పంపడం ఇప్పుడు మామూలైంది. ఎండలో పని చేసి సంపాదించిన డబ్బు అది. ఎక్కడికి పోతుందో, పూలు ఎందుకు అలా వస్తాయో తెలుసుకుంటే సగం ఇబ్బంది తగ్గుతుంది.

ముందు మావాడి తప్పు చెప్పేస్తాను. వాడు పెట్టిన తేదీ కువైట్ ఈద్ తేదీ. అక్కడ నెలవంక మనకంటే ముందు కనిపిస్తుంది కాబట్టి మామూలుగా వాళ్లకు ఈ రోజు ఈద్ అయితే మనకు రేపు. వాడికి ఈద్ అయిన రోజు మనకింకా రోజా. పైగా రంజాన్ ఈద్ తేదీ ముందు రోజు రాత్రి దాకా ఖాయం కాదు. వెబ్‌సైట్‌లో మాత్రం నాలుగు రోజుల ముందే తేదీ నొక్కాలి. బక్రీద్‌కి ఈ బాధ లేదు. జిల్‌హజ్ నెలవంక కనిపించిన రోజే పదో తేదీ ఎప్పుడో తెలిసిపోతుంది, చేతిలో తొమ్మిది పది రోజులు ఉంటాయి. అందుకే రంజాన్ ఈద్‌కి బొకే పంపేవాళ్లు వెబ్‌సైట్ జోలికి పోకుండా, ఊళ్లో దుకాణం వాళ్లతో నేరుగా మాట్లాడి "చాంద్ కనిపించిన మరుసటి పొద్దున" అని చెప్పుకోవడం మేలు. మన ఊళ్లలో పూల దుకాణాల వాళ్లలో మనవాళ్లూ ఉంటారు, కాని వాళ్లకూ ఈ సంగతి బాగా తెలుసు.

ఇంకో చిన్న లెక్క. కువైట్ గడియారం మన కంటే రెండున్నర గంటలు వెనక. డ్యూటీ దిగి, భోంచేసి, రాత్రి తొమ్మిదిన్నరకి ఆర్డర్ పెడితే ఇక్కడ పన్నెండు. దుకాణం షట్టర్ ఎప్పుడో దించేసి ఉంటారు. రేపటి పొద్దుటికి కావాలన్న ఆర్డర్‌ని వాళ్లు చూసేదే రేపు పొద్దున. అప్పుడు దుకాణంలో ఏముంటే అదే కట్టి పంపుతారు.

అసలు ఆ 1,800 ఏమైంది?

చాలామంది అనుకునేదేమంటే, వెబ్‌సైట్ వాళ్లకు ఊరూరా దుకాణం ఉంటుందని. పెద్ద నగరాల్లో ఉండొచ్చు. చిన్న ఊళ్లకు వచ్చేసరికి చాలాసార్లు వాళ్లు చేసేది ఆర్డర్ తీసుకుని, తమ వాటా పట్టుకుని, మిగిలిన డబ్బుతో ఇక్కడి దుకాణానికో, పక్క ఊరి దుకాణానికో అప్పజెప్పడం. ఇది కొత్త పద్ధతేం కాదు. 1910లోనే అమెరికాలో కొందరు పూల వ్యాపారులు కలిసి టెలిగ్రాఫ్ మీద ఇలా ఆర్డర్లు మార్చుకునే సంఘం పెట్టుకున్నారు. ఒక ఊళ్లో డబ్బు కడితే ఇంకో ఊళ్లో పూలు అందేవి. ఎప్పుడో పుట్టిన ఆ పద్ధతే ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చింది. మధ్యలో చేతులు ఎన్ని మారితే గులాబీలు అన్ని తగ్గుతాయి. కట్టేవాడికి చేరేది ఎంతో మనకు కనపడదు, వాడు తనకు చేరిన డబ్బుకే కడతాడు. దుకాణం వాడిని తిట్టి లాభం లేదు.

ఫొటో సంగతి కూడా అంతే. ఆ ఫొటో ఏ మహానగరంలోనో తీసింది. చిన్న ఊళ్లో పూల దుకాణానికి అసలు బతుకుతెరువు మాలలు, పెళ్లి స్టేజీ, కారు డెకరేషన్, సెహ్రాలు, దండలు. దానికి కావాల్సిన బంతి, చామంతి, మల్లె, కనకాంబరం, లిల్లీ చుట్టుపక్కల రైతుల నుంచే వస్తాయి. బొకే పూలు వేరు. పొడుగు కాడల డచ్ గులాబీలు, జెర్బెరా, కార్నేషన్, జిప్సీ అనే ఆ తెల్లటి చిన్న పూలు, ఇవన్నీ ఎక్కువగా పాలీహౌస్‌లలో పండుతాయి. మన వైపు ఊళ్లకు అవి రావాలంటే దగ్గరి పెద్ద మార్కెట్ బెంగళూరే. అక్కడ కె.ఆర్. మార్కెట్‌లో తెల్లవారకముందే పూల బేరం మొదలవుతుంది, హెబ్బాళ్‌లో పూల వేలం కేంద్రమే ఉంది. అక్కడి నుంచి అట్టపెట్టెల్లో సర్దిన పూలు బస్సులో, వ్యాన్‌లో మదనపల్లె మీదుగా ఇటు రావాలి. డచ్ గులాబీలు ఇరవై ఉన్న కట్టగా, జెర్బెరా పది ఉన్న కట్టగా వస్తాయి. ఒక్క బొకే కోసం దుకాణం వాడు కట్ట తెప్పిస్తే మిగిలినవి అమ్ముడవ్వాలి కదా, లేదంటే నష్టం. అందుకే వాళ్లు ఆర్డర్ ఉంటేనే తెప్పిస్తారు. అందుకే రెండు రోజుల ముందు చెప్పిన బొకేకి, పొద్దున చెప్పి సాయంత్రం అడిగిన బొకేకి అంత తేడా.

ఇక్కడ ఇంకో మాట. డచ్ గులాబీని కోసిన దగ్గర్నుంచి రెండు నుంచి నాలుగు డిగ్రీల చల్లదనంలో ఉంచితేనే అది నిలుస్తుంది. బస్సు డిక్కీలో, ఏప్రిల్ ఎండలో ఆ చల్లదనం ఎక్కడిది? కాబట్టి ఎండాకాలంలో గులాబీల మీద మరీ పట్టుదల పెట్టుకోవద్దని నా మాట. కార్నేషన్, చామంతి నీళ్లలో పెడితే వారం పైనే ఉంటాయి. జెర్బెరా కూడా బాగానే ఉంటుంది, కాని దాని కాడ మెత్తన. పాత్ర నిండా నీళ్లు పోస్తే కుళ్లిపోతుంది, నాలుగు వేళ్ల లోతు చాలు. గులాబీ కావాల్సిందే అనుకుంటే నాలుగైదు గులాబీలు, మిగతావి చామంతి, కార్నేషన్ పెట్టమని అడగండి. ఫొటోలో కూడా నిండుగా కనపడుతుంది.

ఇక మల్లెలు. అవి బొకే పూలు కావు, మొగ్గగా ఉన్నప్పుడు కోసి ఆ రోజే పెట్టుకునేవి. ఎండాకాలంలో పంపేటప్పుడు బొకేతో పాటు నాలుగు మూరలు మల్లెలు కూడా పెట్టమంటే అయ్యే ఖర్చు తక్కువ. మా అమ్మీని అడిగితే బొకే వద్దు, ఆ మల్లెలే చాలంటుంది. అది వేరే సంగతి.

ధర మనకు తెలియని క్యాలెండర్‌ని బట్టి మారుతుంది

షాదీ తేదీ పెట్టుకోవడానికి మనకు ముహూర్తం చూసే పని లేదు. ఆదివారమా, ఫంక్షన్ హాల్ ఖాళీయా, గల్ఫ్ నుంచి అన్నకు సెలవు దొరికిందా, అంతే. కాని పూల మార్కెట్ మాత్రం ముహూర్తాల మీదే నడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం నెలల్లో మంచి ముహూర్తం ఉన్న రోజు, వరలక్ష్మీ వ్రతం ముందు రోజు, దసరా దీపావళి వేళ పూల రేటు రెండింతలు మూడింతలు కావడం మామూలే. అదే ఆషాఢంలో హిందూ పెళ్లిళ్లు ఉండవు, ధర దిగుతుంది. ఫిబ్రవరి 14 ముందు వారం గులాబీ ధర వేరు, డిసెంబర్ 31, జనవరి 1న ఆఫీసర్లకు బొకేలు ఇచ్చే హడావుడి వేరు. నికాహ్ ఆ రోజుల్లో పడితే పూల దుకాణానికి పక్షం రోజుల ముందే అడ్వాన్స్ ఇచ్చి ధర మాట్లాడుకోండి. మా చుట్టాల్లో ఒకరి ఇంట్లో వలీమాకి స్టేజీ పూలు ఇలా చివరి నిమిషంలో అడిగి, చివరికి సగం ప్లాస్టిక్ పూలతో సరిపెట్టారు. తప్పు దుకాణం వాడిది కాదు, ఆ రోజు ఊళ్లో పదకొండు పెళ్లిళ్లు.

మరి ఎలా పంపాలి?

ఊళ్లో ఉన్న తమ్ముడో, బావమరిదో ఒక్కసారి బజారుకు వెళ్లి బొకేలు కట్టే దుకాణం నంబర్ తీసుకుంటే చాలు. తర్వాత అంతా వాట్సాప్‌లోనే అవుతుంది. "మంచి బొకే పంపండి భాయ్" అని వదిలేయకండి. ఏ పూలు, ఎన్ని, ఏ రంగు, ఎంతలో, ఏ రోజు ఏ టైముకి, ఇవి రాసి పంపండి. సగం డబ్బు ముందు, మిగతాది కట్టిన బొకే ఫొటో చూశాక. ఫొటో ఇంటి గుమ్మం దగ్గర కాదు, దుకాణంలో ఉండగానే తీసి పంపమనండి. అప్పుడైతే ఒక పువ్వు మార్చమన్నా మారుస్తారు.

అడ్రస్ రాసేటప్పుడు ఇంటి నంబర్ ఎవరికీ పట్టదు. ఏ మసీదు పక్క గల్లీ, ఏ పాల బూత్ ఎదురు, తలుపు రంగు ఏంటి, ఇవే పనికొస్తాయి. పంపేది సర్‌ప్రైజ్ అని ఇంటివాళ్ల నంబర్ ఇవ్వకపోతే బాయ్ గల్లీలో మూడుసార్లు తిరిగి, ఎండలో అరగంట పూలు మాడ్చి, వెనక్కి పోతాడు. ఇంట్లో ఆడవాళ్లే ఉండే వేళ కొత్త మనిషి తలుపు కొట్టడం ఇష్టం లేని ఇళ్లు ఉంటాయి. అలాంటప్పుడు పక్కింటి చాచా నంబరో, మామూ నంబరో ఇవ్వండి. శుక్రవారం జుమా టైము, రంజాన్‌లో అస్ర్ నుంచి మగ్రిబ్ దాకా వద్దు. పొద్దున పది లోపు అయితే ఎండకూ మంచిది.

కార్డు మీద మాటలు కూడా ముందే చూసుకోండి. ఉర్దూలో రాయాలంటే ఆ దుకాణంలో రాసేవాళ్లు ఉండకపోవచ్చు. మీరే కాగితం మీద రాసి ఫొటో తీసి పంపితే ప్రింట్ తీసి పెడతారు. మా బంధువుల్లో ఒకరి బొకే మీద పెళ్లికూతురి పేరు తప్పు పడింది. ఆ కార్డు ఇప్పటికీ నవ్వడానికి పనికొస్తూనే ఉంది.

అన్ని వేళలా బొకే పంపాలనీ లేదు. ఐసీయూలో పూలు లోపలికి రానివ్వరు. బాలింత గదిలో ఘాటైన వాసన పూలు పెట్టొద్దని పెద్దవాళ్లు అంటారు, వాళ్ల మాట వినడమే మంచిది. మౌత్ అయిన ఇంటికి పంపే బొకే అని వెబ్‌సైట్లలో ఒక రకం ఉంటుంది. మన ఇళ్లలో ఆ అలవాటు లేదు, ఆ రోజు ఫోన్ చేసి నాలుగు మాటలు మాట్లాడితే చాలు. హజ్‌కి బయల్దేరే వాళ్లకు కూడా పెద్ద బొకే బరువే. చేతిలో పాస్‌పోర్టు, సంచి, ఇహ్రామ్ బట్టలు. తిరిగొచ్చిన రోజు ఇంటికి పంపితే వచ్చిపోయే వాళ్ల ముందు నాలుగు రోజులు ఉంటుంది.

ఇంటికి వచ్చాక

బొకే రాగానే అందరూ చేసే పని, ఆ ప్లాస్టిక్ కాగితంతోనే ఫ్రిజ్ మీదనో టీవీ పక్కనో పెట్టడం. రెండూ వేడి పుట్టే చోట్లే. కాగితం విప్పండి. కాడల చివర ఒక అంగుళం ఏటవాలుగా కోయండి. కత్తెర కాదు, పదునైన కత్తితో, లేకపోతే కాడ నలిగి నీళ్లు పీల్చదు. నీళ్లలో మునిగే ఆకులు తీసేయండి, అవి కుళ్లితేనే నీళ్లకు వాసన వస్తుంది. శుభ్రమైన స్టీల్ చెంబైనా సరే, అందులో నీళ్లు పోసి ఒక చెంచా చక్కెర, నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి, రోజూ నీళ్లు మార్చండి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకూడదు. ముఖ్యంగా మాగే మామిడిపళ్లు, అరటిపళ్ల పక్కన పెట్టొద్దు. పళ్లు మాగేటప్పుడు ఎథిలీన్ అనే వాయువు వస్తుంది, అది తగిలితే పూలు తొందరగా ముసలివైపోతాయి. కార్నేషన్లకు మరీ.

బుట్టలో కట్టిన పూలైతే అడుగున ఆకుపచ్చ స్పాంజి ముక్క ఉంటుంది. 1954లో వచ్చిన వస్తువు అది, ఒయాసిస్ అన్న కంపెనీ పేరుతోనే పిలుస్తారు. పొద్దున సాయంత్రం దాని మీద కొంచెం కొంచెం నీళ్లు పోయాలి. ఒకసారి పూర్తిగా ఎండితే మళ్లీ సరిగా నీళ్లు పీల్చదు. అది ప్లాస్టిక్ లాంటిదే, మట్టిలో కలవదు, పెరట్లో పారేయకండి.

అంతా చేసినా వెబ్‌సైట్‌లోనే ఆర్డర్ పెట్టి మోసపోతే? పూలు ఇంటికి రాగానే, విప్పకముందు ఒకటి, విప్పాక ఒకటి ఫొటో తీయించండి, తేదీ టైము ఉండేలా. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ఫిర్యాదులు చూసే అధికారి పేరు, వివరాలు పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. చూపించినదానికి తేడాగా వచ్చినా, చెప్పిన టైముకి రాకపోయినా డబ్బు తిరిగివ్వం అనడానికి లేదు. వాళ్లు వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు ఫోన్ చేయొచ్చు. మావాడు మాత్రం "పోనీలే ఆపా" అని వదిలేశాడు. తేదీ తానే తప్పు పెట్టానన్న సిగ్గు ఒకటి.

బక్రీద్‌కి వాడు నాతో దుకాణం నంబర్ తీసుకున్నాడు. చాంద్ రోజు రాత్రే మాట్లాడి, 900 రూపాయలకు పసుపు చామంతి, తెల్ల కార్నేషన్, మధ్యలో ఐదు గులాబీలు అని చెప్పాడు. నమాజ్ అయ్యి వచ్చేసరికి గుమ్మంలో ఉంది బొకే. ఈసారి వీడియో కాల్‌లో అమ్మీయే చెంబు పట్టుకుని ఎదురుగా కూర్చుంది. గులాబీలు నాలుగో రోజు పోయాయి. చామంతులు మాత్రం ఖుర్బానీ మాంసం అయిపోయాక కూడా ఉన్నాయి.