భూమి కంప్యూటరులో కనబడడం లేదా? ముందు నంబరు చూడండి

కాజీపేట: జంక్షనులో ఒక్క పాయింటు తప్పితే బండి వేరే పట్టాల మీదికి పోతుంది. కంప్యూటరులో భూమి వివరాలు వెదకడమూ అంతే. నంబరు తప్పితే ఉన్న భూమి కూడా కనబడదు. బ్యాంకు అప్పయినా, పిల్ల పెళ్లికి అమ్మకమైనా ఆ రికార్డు మీదే ఆధారపడి ఉన్నది.

2020 అక్టోబరు 29న ధరణి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి మొదలైంది. ఏదైనా యంత్రం అడిగినదానికే జవాబు చెబుతుంది. ఉదాహరణకు 120/అ అని అడిగితే 120/ఆ లోని భూమిని చూపదు. కనుక బై నంబర్లన్నీ ఒక్కొక్కటిగా చూడవలసి ఉన్నది. పేరులో అక్షరం తేడా ఉన్నా రాసుకోవాలి.

కూడికలోనూ పొరపాటు పడుతున్నది. 1.30 అంటే ఎకరం 30 గుంటలు. దానికి 1.20 కలిపితే రెండున్నర ఎకరాలు కాదు. 40 గుంటలకు ఎకరం గనుక 3 ఎకరాల 10 గుంటలు. మామూలు లెక్క కడితే 30 గుంటలు మాయమైనట్లే!

తర్వాత కాగితంపై గళ్లు గీయండి. నంబరువారీగా పాత పహాణీ, పాసుపుస్తకం, కంప్యూటరు చూపే విస్తీర్ణాలు పక్కపక్కన వేసి, చివరి గడిలో తేడా రాయండి. "భూమి తగ్గింది" అంటే ఎవరికీ అర్థం కాదు. "120/ఆ లో 5 గుంటలు తక్కువ" అంటే తహశీల్దారు కార్యాలయంలో వెంటనే తెలుస్తుంది. నకళ్లు జతచేసి రశీదు తీసుకోండి. ఉత్తర్వు సరిగా లేదనిపిస్తే అప్పీలు చేసుకొనే వీలు భూభారతి చట్టంలో ఉన్నది.