నడుముకు పిస్టల్.. వారాంతంలో పాఠం!

సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు ఉద్యోగం. శనివారం పొద్దున్నే చెవులకు మఫ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఫైరింగ్ రేంజ్‌లో పాఠం. అమెరికాలో పార్ట్‌టైం తుపాకీ శిక్షకుల్లో చాలామంది ఇలాంటివాళ్లే. ఎమ్మెస్ కోసం డాలస్, హ్యూస్టన్ వైపు వెళ్తున్న మన విద్యార్థులు ఈ పని గురించీ, దాని చుట్టూ ఉన్న చట్టం గురించీ తెలుసుకోవాల్సిందే. అక్కడ సరదాగా చేసే ఓ పని మన వీసాకే ఎసరు పెట్టొచ్చు మరి!

ఏంటీ కన్సీల్డ్ క్యారీ?

చొక్కా కింద, నడుము దగ్గర ఎవరికీ కనబడకుండా పిస్టల్ పెట్టుకుని తిరగడమే కన్సీల్డ్ క్యారీ. రూల్స్ రాష్ట్రానికో తీరు. న్యూయార్క్‌లో లైసెన్సుకు 16 గంటల తరగతి, 2 గంటల కాల్పుల శిక్షణ ఉండాలి. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్లు నిండి చట్టపరమైన అడ్డంకులు లేనివారికి లైసెన్సే అక్కర్లేదు. అయినా లైసెన్సు తీసుకునేవాళ్లు ఉన్నారు. అది చాలా ఇతర రాష్ట్రాల్లోనూ చెల్లుతుంది. పైగా 2016 ఆగస్టు 1 నుంచి టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీ క్యాంపస్‌లలోకి లైసెన్సు ఉన్నవారు పిస్టల్ దాచుకుని రావొచ్చు. అంటే క్లాసులో మీ పక్కన కూర్చున్నవారి దగ్గరా ఉండొచ్చు.

శిక్షకుడు ఏం చేస్తాడు?

టెక్సాస్ లైసెన్సుకు 4 నుంచి 6 గంటల తరగతి, రాత పరీక్ష, కాల్పుల పరీక్ష ఉంటాయి. తరగతి ఆన్‌లైన్‌లోనూ చేయొచ్చు. కాల్పులు మాత్రం రేంజ్‌లోనే. 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 రౌండ్లు కాల్చాలి. 250 మార్కులకు 175 వస్తే పాస్.

గురి కన్నా ముందు నేర్పేది జాగ్రత్త. ప్రతి తుపాకీనీ లోడై ఉన్నట్టే చూడాలి. కాల్చకూడని దానివైపు గొట్టం తిప్పకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. వెనకాల ఏముందో చూసుకోవాలి. రోజూ వెంట పెట్టుకునేవాళ్లకు ఇంకా చిన్న చిన్న సంగతులు చెప్పాలి. బెల్టు గట్టిగా ఉండాలి. హోల్‌స్టర్ ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పాలి. పిస్టల్‌ను తిరిగి పెట్టేటప్పుడు చొక్కా అంచు చిక్కుకోకుండా నిదానంగా పెట్టాలి. ఇంటికెళ్లాక పిల్లల చేతికి అందకుండా లాకర్‌లో దాచాలి. వీటికి తోడు ఎప్పుడు కాల్చకూడదు, గొడవ పెద్దది కాకుండా ఎలా తప్పుకోవాలి అన్నవీ పాఠాలే.

ఆదాయం ఎలా?

టెక్సాస్‌లో లైసెన్సు తరగతి చెప్పాలంటే ఆ రాష్ట్ర పబ్లిక్ సేఫ్టీ విభాగం నుంచి శిక్షకుడిగా ధ్రువీకరణ పొందాలి. 1871లో మొదలైన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ వంటి సంస్థలూ శిక్షకులకు సర్టిఫికెట్లు ఇస్తాయి. అభ్యర్థుల ఫీజే ఆదాయం. అందులోంచి రేంజ్ అద్దె, బీమా, టార్గెట్ల ఖర్చు పోవాలి. జనం రాని వారం చేతికేమీ రాదు. అందుకే చాలామందికి ఇది అసలు ఉద్యోగం పక్కన నడిచే పనే. శబ్దంతో చెవులకు, సీసం ధూళితో ఆరోగ్యానికి ముప్పు ఉంటుంది. రేంజ్ నుంచి వచ్చాక చేతులు కడుక్కోకుండా ఏదీ తినరు.

వీసా ఉన్నవారూ.. జాగ్రత్త!

ఎఫ్-1, హెచ్-1బీ లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా దగ్గర ఉంచుకున్నట్టే లెక్క. గరిష్ఠంగా 15 ఏళ్ల జైలు! ‘టెక్సాస్‌లో లైసెన్సే అక్కర్లేదట’ అని ఫ్రెండ్స్ చెప్పారని వెళ్లి ఫొటో దిగి పోస్టు చేస్తే, మన మీద సాక్ష్యం మనమే ఇచ్చినట్టు. రూమ్మేట్ తుపాకీ ‘ఒకసారి పట్టుకో’ అన్నా వద్దనడమే మేలు. అనుమతి లేకుండా క్యాంపస్ బయట పార్ట్‌టైం పనిచేయడం కూడా ఎఫ్-1 నిబంధనలకు విరుద్ధమే. తిరిగొచ్చేటప్పుడు బ్యాగులో ఒక్క తూటా మిగిలినా మన ఎయిర్‌పోర్టులో ఆయుధాల చట్టం కింద కేసు తప్పదు.

ఇక్కడ దారి ఉంది

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం ఆత్మరక్షణ లైసెన్సు తేలిగ్గా రాదు. కాబట్టి అమెరికా తరహా శిక్షకుల కొలువు ఇక్కడ లేదు. షూటింగ్ మీద ఇష్టం ఉంటే క్రీడగా మొదలుపెట్టండి. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచారు. హైదరాబాదీ ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు సాధించారు. చాలామంది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ లేదా ఎయిర్ రైఫిల్‌తోనే మొదలుపెడతారు. జిల్లా, రాష్ట్ర పోటీల్లో ఆడాక కోచింగ్ వైపు రావొచ్చు. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య కోచ్‌లకు అంచెలవారీగా లైసెన్సులు ఇస్తోంది. చేరే ముందు ఆ అకాడమీ రాష్ట్ర రైఫిల్ సంఘానికి అనుబంధమో కాదో కనుక్కోండి. తొలిరోజు గురి గురించి కాకుండా జాగ్రత్తల గురించి చెప్పే కోచ్ దొరికితే, సరైన చోటికే వచ్చినట్టు.