స్పానిష్‌కు తోడుగా ఏ సబ్జెక్టు?



ఇంటర్ తర్వాత ఏం చదువుతారని అడిగితే మన హాస్టళ్ళలో ఎక్కువగా వినిపించేవి ఇంజనీరింగ్, నర్సింగ్, టీచర్ ట్రైనింగ్, పోలీసు ఉద్యోగం. ఈ మధ్య విదేశీ భాష చదువుతామనే వారూ ఒకరిద్దరు కనిపిస్తున్నారు. వారిలో స్పానిష్ వైపు మొగ్గేవారు తప్పక ఆలోచించవలసిన ప్రశ్న ఒకటుంది. స్పానిష్‌తో పాటు ఇంకేం చదవాలి?

ముందు భాష సంగతి చూద్దాం. స్పానిష్ ఒక్క స్పెయిన్ దేశానిదే కాదు. మెక్సికో, కొలంబియా, పెరూ, చిలీ, అర్జెంటీనా, క్యూబా మొదలుకొని 20 దేశాలలో అధికార భాష. సుమారు 50 కోట్ల మందికి మాతృభాష. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషలలో ఒకటి. మనకు మరీ కష్టమైన భాషా కాదు. మన తెలుగులో మాట్లాడతాను, మాట్లాడతావు అని క్రియ చివర మారినట్టే స్పానిష్‌లో 'ఆబ్లో', 'ఆబ్లాస్' అని మారుతుంది. నువ్వు, మీరు అనే తేడా కూడా ఉంది. నారాయణఖేడ్ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడ, మరాఠీ, ఉర్దూ వింటూ పెరిగిన మనకు మరో భాష అంటే భయం అవసరం లేదు.

భాష ఒక్కటే ఎందుకు చాలదు?

భాష బండి లాంటిది. బండిలో వేసే సరుకు సబ్జెక్టు. మామూలు ఉత్తరాన్ని ఇప్పుడు సెల్‌ఫోన్ కూడా అనువదిస్తుంది. కానీ మందుల కంపెనీ కాగితంలో మోతాదు తప్పు పడితే, ఒప్పందంలో ఒక షరతు తారుమారైతే పట్టుకోవడానికి విషయం తెలిసిన మనిషి కావాలి. కాబట్టి భాషతో పాటు విషయం తెలిసినవారికే పనిలో విలువ ఎక్కువ.

ఏ సబ్జెక్టు దేనికి పనికొస్తుంది?

కామర్స్: ఎగుమతి, దిగుమతి, బ్యాంకు, అకౌంట్స్ పనులకు. ఇన్‌వాయిస్‌ను స్పానిష్‌లో 'ఫాక్తూరా' అంటారు. ఆ మాట నేర్చుకోవడం ఒక నిమిషం పని. అందులోని లెక్క సరిగా ఉందో లేదో చెప్పాలంటే బి.కాం. చదువు కావాలి.

సైన్స్, ఫార్మసీ: హైదరాబాదు మందుల పరిశ్రమకు లాటిన్ అమెరికాతో సంబంధాలున్నాయి. డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2005లో మెక్సికోలోని ఒక ఔషధ కర్మాగారాన్ని కొన్నది. భారత్ బయోటెక్ వారి కోవాక్సిన్‌కు 2021 ఏప్రిల్‌లో మెక్సికో అత్యవసర అనుమతి ఇచ్చింది. ఇటువంటి అనుమతుల వెనుక ఎంతో కాగితాల పని ఉంటుంది. బై.పి.సి. చదివినవారు ఈ దారి ఆలోచించవచ్చు.

ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్: అంతర్జాతీయ సంబంధాలు, పరిశోధన, సివిల్ సర్వీసుల వైపు వెళ్ళేవారికి. డిగ్రీ తర్వాత లా కూడా చేయవచ్చు. మన పి.వి. నరసింహారావు గారు లా చదివారు, స్పానిష్‌తో సహా ఎన్నో భాషలు నేర్చారు. విదేశాంగ మంత్రిగా, ప్రధానిగా ఆ రెండూ ఆయనకు తోడుగా ఉన్నాయి.

ఇంగ్లీషు సాహిత్యం: అధ్యాపక వృత్తి, అనువాదం ఇష్టమైనవారికి. లెక్చరర్ కావాలంటే పి.జి., ఆపై నెట్ అవసరం. యు.జి.సి. నెట్‌లో స్పానిష్ ఒక సబ్జెక్టుగా ఉంది. నెరూడా, మార్క్వెజ్ వంటి వారి రచనలు మనకు చాలావరకు ఇంగ్లీషు మీదుగానే అందాయి. నేరుగా తెలుగులోకి తేగలిగేవారు చాలా తక్కువ.

కంప్యూటర్స్: రెండేళ్ళలో పని దొరకాలనే ఇంటి పరిస్థితి ఉన్నవారికి ఇది అక్కరకొస్తుంది. స్పానిష్ మాట్లాడే ఖాతాదారులున్న కంపెనీలలో భాష అదనపు అర్హత అవుతుంది.

చదివే దారులు

మొదటిది, హైదరాబాదులోని ఇఫ్లూ. 1958లో ఇంగ్లీషు సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను కలుపుకొని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఇక్కడ స్పానిష్ బి.ఎ. ఉంది. అక్షరాల నుంచి నేర్పుతారు. ప్రవేశ పరీక్ష పద్ధతి మారుతూ వస్తోంది కనుక ఆ ఏటి నోటిఫికేషన్, ప్రాస్పెక్టస్ తప్పక చూడాలి. కేంద్ర సంస్థలలో ఎస్.సి.లకు 15, ఎస్.టి.లకు 7.5, ఓ.బి.సి.లకు 27 శాతం రిజర్వేషన్ ఉంటుంది. ఓ.బి.సి. సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో ముందే తీసి పెట్టుకోండి.

రెండవది, మీకు నచ్చిన డిగ్రీని రెగ్యులర్‌గా చదువుతూ స్పానిష్‌ను పార్ట్‌టైమ్ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులుగా నేర్చుకోవడం. ఊళ్ళోనే ఉండి మొదలుపెట్టాలంటే ఇగ్నో సర్టిఫికెట్ కోర్సు ఉంది.

మూడవది, రెండు డిగ్రీలు. 2022 నుంచి యు.జి.సి. దీనికి వీలు కల్పించింది. స్పానిష్ బి.ఎ. రెగ్యులర్‌గా, బి.కాం. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చదవవచ్చు. అయితే రెండో కోర్సు ఫీజు స్కాలర్‌షిప్ మీద ఆధారపడక మన చేతి నుంచే కట్టవలసి వస్తుందని లెక్క వేసుకోండి.

ఏ దారిలో వెళ్ళినా 'దేలే' పరీక్షను గుర్తుంచుకోండి. దానిలో ఎ1 నుంచి సి2 వరకు ఆరు స్థాయిలు. కోర్సు పూర్తయ్యే నాటికి బి2 మన గురి కావాలి.

ఎలా నిర్ణయించుకోవాలి?

మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇంటర్‌లో ఏ పుస్తకాన్ని ఎవరూ చెప్పకుండానే చదివాను? స్పానిష్ పూర్తిగా మరిచిపోయినా ఆ రెండో సబ్జెక్టు నాకు అన్నం పెడుతుందా? డిగ్రీ కాగానే సంపాదించాలా, మరో రెండేళ్ళు చదివే వీలుందా? మూడో ప్రశ్నకు ఇంట్లో అమ్మానాన్నలతో కూర్చుని జవాబు రాయండి. వెంటనే సంపాదించాలంటే కామర్స్, కంప్యూటర్స్ మేలు. పి.జి. చదివే వీలుంటే ఇంగ్లీషు, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్ ఆలోచించవచ్చు.

మన ఇళ్ళలో సలహా చెప్పే డిగ్రీ వారు ఉండకపోవచ్చు. అంతమాత్రాన స్నేహితుడు చేరాడని చేరవద్దు. లెక్చరర్లను అడగండి, సీనియర్లను అడగండి, ప్రాస్పెక్టస్ ముందు పెట్టుకుని చదవండి. మూడేళ్ళ కాలం మనకు చాలా విలువైనది. భాషకు తగిన తోడును ఎంచుకుంటే కల్హేర్ నుంచి మెక్సికో అంత దూరమేమీ కాదు.