ఇంటిలో ఉప్పునీటి పగడపు తొట్టె: ఏర్పాటు, పోషణ

మంచినీటి చేపలను గాజు తొట్టెలలో పెంచుట మన పట్టణములలోను, పెద్ద గ్రామములలోను చాలకాలముగా ఉన్నదే. ఇప్పుడు కొందరు సముద్రపు చేపలను, పగడపు దిబ్బలపై నివసించు చిన్న ప్రాణులను కూడ ఇండ్లలో పెంచుటకు ఉత్సాహపడుచున్నారు. మొదలుపెట్టి కొద్ది నెలలలోనే విరమించువారును కలరు. ఇందుకు తరచుగా కనబడు కారణము ఒక్కటే. మొదట చేపను కొని, తరువాత నీటి సంగతి ఆలోచింతురు. దమ్ము చేయని మడిలో నాటు వేసినచో పంట రాదు. అట్లే నీరు సిద్ధము కాకుండ చేపను వదలినచో తొట్టె నిలువదు. ఈ పనిలో ముందు పెంచవలసినది నీరు. నీరు కుదిరిన తరువాతనే ప్రాణి.

పగడపు దిబ్బ స్వభావము

పగడము రాయి కాదు, మొక్క కాదు, అది ప్రాణి. ఇట్టి చిన్న ప్రాణులు వేలకొలది ఒకచోట చేరి, సముద్రపు నీటిలోని సున్నమును గ్రహించి గూళ్ళు కట్టుకొనును. తరతరముల గూళ్ళు పేరుకొనగా దిబ్బ యగును. ఈ ప్రాణి శరీరములో కంటికి కనబడని నాచుజాతి కణములు నివసించి, వెలుతురులో ఆహారము తయారుచేసి, అందులో అధికభాగమును పగడమునకు ఇచ్చును. అందుచేత పగడమునకు తేటనీరు, వెలుతురు, నిలకడగల వేడిమి తప్పనిసరి. గోదావరి, కృష్ణ నదులు తెచ్చు ఒండ్రు, వరదనీరు మూలముగా మన కోస్తాలో పెద్ద పగడపు దిబ్బలు పెరుగలేదు. మన దేశమున అవి మన్నారు సింధుశాఖ, పాక్ అఖాతము, కచ్ సింధుశాఖ, లక్షదీవులు, అండమాన్ నికోబార్ దీవులందు కలవు.

సముద్రపు నీరు సాధారణ వేసవి వేడిమి కంటె ఒక డిగ్రీ సెంటీగ్రేడు హెచ్చుగా కొన్ని వారములు నిలిచినచో, పగడము తనలోని నాచును వెళ్ళగొట్టి తెల్లబడిపోవును. లక్షదీవులలో 1998, 2010, 2016 సంవత్సరములలో ఇట్లు తెల్లబడి చాల పగడములు చనిపోయెను. సముద్రమే తట్టుకొనలేనప్పుడు, నూటయేబది లీటర్ల తొట్టెలో ఎంత జాగ్రత్త కావలెనో ఊహించుకొనవచ్చును.

చట్టము ఏమి చెప్పుచున్నది

ఇది గ్రామోద్యోగులు ముఖ్యముగా గమనింపవలసిన సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో 2001వ సంవత్సరమున దిబ్బలు కట్టు పగడములన్నియు, నల్లపగడము, సముద్రపు విసనకఱ్ఱలు, సముద్రగుఱ్ఱములు చేర్చబడినవి. పులికి ఉన్న రక్షణయే వీనికిని కలదు. సముద్రము నుండి వీనిని తీయుట, అమ్ముట, కొనుట, ఇంట ఉంచుకొనుట నేరము. దిబ్బ నుండి విరిచి తెచ్చిన రాతి ముక్క తొట్టెలో ఎంత అందముగా ఉన్నను అది దొంగసొత్తే. విదేశముల నుండి వచ్చినదని చెప్పి అమ్ము పగడమును కూడ, దిగుమతి పత్రములు, నమోదు లేనిదే కొనరాదు.

అయినను నిరుత్సాహపడ నక్కరలేదు. కృత్రిమముగా చేసిన బోలురాళ్ళు దొరకుచున్నవి. హేచరీలలో పుట్టిన చేపలున్నవి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ విదూషక చేపలను, అనగా నారింజరంగుపై తెల్లని పట్టెలుగల క్లౌన్ చేపలను, హేచరీలలో పుట్టించి పెంచు పద్ధతిని రూపొందించినది. లక్షదీవులలోని అగట్టి ద్వీపమున జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ స్థానిక మహిళలకు అలంకారపు రొయ్యల పెంపకమున శిక్షణ నిచ్చినది. ఇట్టి ప్రాణులను కొన్నచో దిబ్బకు హాని లేదు, పెంచువారికి జీవనము కలదు.

తొట్టె, స్థలము

క్రొత్తవారు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తుగల గాజు తొట్టెతో ప్రారంభించుట మేలు. రాళ్ళు, ఇసుక పోగా ఇందులో సుమారు 150 లీటర్ల నీరు పట్టును. చిన్న తొట్టె సులభమని తలచుట పొరపాటు. నీరు తక్కువైన కొలది చిన్న తప్పు కూడ త్వరగా పెద్దదగును. నీరు, రాళ్ళు, గాజు కలిసి రెండు క్వింటాళ్ళకు పైబడి తూగును గనుక బల్ల గట్టిదై, సమతలముగా ఉండవలెను. కిటికీ ఎండ నేరుగా పడుచోట పెట్టరాదు.

నీటిని కదలించుటకు గంటకు 1500 నుండి 3000 లీటర్లు త్రోయు పంపు కావలెను. స్కిమ్మరు అను నురుగుతీయు పరికరమును అమర్చినచో, చేపల విసర్జనలు కుళ్ళకముందే నురుగుతో బయటికి వచ్చును. విద్యుత్తు తీగలను ప్లగ్గు కంటె క్రిందికి వ్రేలాడునట్లు వంచి, తరువాత పైకి తీసికొని పోవలెను. అట్లయినచో తీగవెంట జారిన ఉప్పునీరు ప్లగ్గులోనికి పోక క్రింద పడిపోవును.

నీరు, ఉప్పు

ఇంట వాడు కల్లుప్పు దీనికి పనికిరాదు. కారణము నౌపడా, చినగంజాం ప్రాంతముల ఉప్పుమడులు చూచినవారికి సులభముగా తెలియును. సముద్రపు నీరు ఎండుచుండగా సున్నపు లవణములు ముందుగానే అడుగున దిగిపోవును. తరువాత ఉప్పు పేరును. మెగ్నీషియము మొదలగునవి చివర మిగులు చేదునీటిలో ఉండిపోవును. కావున మనము తినునది సముద్రములోని ఒక భాగము మాత్రమే. పగడమునకు కావలసినది మొత్తము సముద్రము. అన్ని లవణములు పాళ్ళుగా కలిపిన సముద్రపు ఉప్పు పొడి దుకాణములలో దొరకును. లీటరుకు సుమారు 35 నుండి 38 గ్రాముల చొప్పున, 150 లీటర్లకు అయిదున్నర కిలోలు పట్టును. దీనిని వేరు పాత్రలో ఒక దినమంతయు పంపుతో కలిపి, తరువాతనే వాడవలెను.

ఒడ్డున ముంచి తెచ్చిన సముద్రపు నీరు నమ్మదగినది కాదు. నదులకు వరదలు వచ్చు నెలలలో మన తీరపు నీటి ఉప్పదనము బాగుగా తగ్గును. రేవులు, కర్మాగారముల దగ్గర మలినములును ఉండును. బోరునీటిలో లవణములు, కొన్నిచోట్ల నైట్రేటు ఎక్కువ. గ్రామములలోని శుద్ధజల ప్లాంటు నీరు త్రాగుటకు మంచిదైనను, అందులో ఇంకను లవణములు మిగిలియుండును. టి.డి.ఎస్. మీటరు సున్న చూపువరకు రెజిన్ వడపోత గుండ పంపిన నీరే శ్రేష్ఠము. రాగి చెంబు, ఇత్తడి బిందె ఈ నీటికి తగిలింపరాదు. రాగి ఏమాత్రము కలిసినను రొయ్యలు, నత్తలు, పగడములు చచ్చిపోవును. ప్లాస్టిక్ పాత్రలే వాడవలెను.

ఆరు వారముల ఓపిక

చేపల విసర్జన నుండి, మిగిలిన మేత నుండి అమ్మోనియా పుట్టును. ఇది చేపకు విషము. ఒకజాతి సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, మరియొక జాతి నైట్రైటును నైట్రేటుగను మార్చును. పొలములో వేసిన అమ్మోనియం సల్ఫేటు నేలలో పొందు మార్పులే ఇవి. నేలలో ఈ సూక్ష్మజీవులు ముందే ఉండును; క్రొత్త తొట్టెలో చాలినన్ని ఉండవు. వాటిని పెంచుకొనవలెను.

జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ అను నతడు 1961లో ఒక అమెరికా పత్రికలో తన పద్ధతిని వివరించెను. సముద్రపు రాళ్ళు, గాలిబుడగలు తప్ప పెద్ద యంత్రములు లేకుండ అతడు తొట్టెలను నడపెను. రాతి రంధ్రములలోని జీవులే నీటిని శుద్ధిచేసెను. ఆ సూత్రమే నేటికిని ఆధారము. సముద్రపు రాళ్ళు మనము తేరాదు గనుక, బోలుగా ఉండు కృత్రిమ రాళ్ళు 15 నుండి 20 కిలోలు పేర్చి, సీసాలలో అమ్ము సూక్ష్మజీవుల ద్రావణమును కలిపినచో అదే పని జరుగును.

నీరు, రాళ్ళు సిద్ధమైన పిదప పచ్చి రొయ్య ముక్క నొకదానిని తొట్టెలో వేయవలెను. అది కుళ్ళి అమ్మోనియా నిచ్చును. పరీక్ష సామగ్రితో రెండు దినముల కొకసారి చూచుచుండగా, మొదట అమ్మోనియా పెరిగి తగ్గును. తరువాత నైట్రైటు పెరిగి తగ్గును. చివర నైట్రేటు కనబడును. రెండును సున్నకు వచ్చుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు పట్టును. అంతవరకు తొట్టెలో ఒక్క చేప కూడ ఉండరాదు.

రాళ్ళ లోలోపల గాలి అందనిచోట మరికొన్ని సూక్ష్మజీవులు నైట్రేటును నత్రజని వాయువుగ మార్చివేయును. వరిమడి బురదలో ఎరువు ఇట్లే గాలిలో కలిసిపోవుట రైతుకు నష్టము. తొట్టెలో అదియే లాభము.

ఉండవలసిన కొలతలు

రొయ్యల చెరువులు నడపు రైతులకు ఈ పరీక్షలన్నియు పరిచితములే.

ఉప్పదనము: వెయ్యికి 35 పాళ్ళు (సాంద్రత 1.025 నుండి 1.026)
వేడిమి: 25 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు
పి.హెచ్.: 8.1 నుండి 8.4
అమ్మోనియా, నైట్రైటు: ఏమియు ఉండరాదు
నైట్రేటు: పగడములున్నచో లీటరుకు 10 మిల్లీగ్రాముల లోపు
క్షారత్వము: కాల్షియం కార్బొనేటు లెక్కన లీటరుకు 140 నుండి 200 మిల్లీగ్రాములు
కాల్షియము: లీటరుకు 400 నుండి 450 మిల్లీగ్రాములు
మెగ్నీషియము: లీటరుకు 1250 నుండి 1350 మిల్లీగ్రాములు

అంకె సరిగా ఉండుట కంటె అంకె కదలకుండుట ముఖ్యము. ఒక్కసారిగా సరిదిద్దబోయి ప్రాణులను చంపుకొనరాదు.

చేపలను వదలుట

మొదట కొన్ని నత్తలను, నెల గడచిన తరువాత హేచరీలో పుట్టిన రెండు విదూషక చేపలను వదలవచ్చును. ఈ తొట్టెకు మొత్తము మూడు నాలుగు చిన్న చేపలు చాలును. విదూషక చేపలన్నియు మొదట మగవిగ పెరుగును. జంటలో పెద్దది ఆడదిగా మారును. గ్రుడ్లను మగచేప కాపలా కాయుచు, రెక్కలతో విసరి గాలి తగిలించును. వారము దినములకు రాత్రివేళ పిల్లలు బయటపడును.

క్రొత్త చేపను నాలుగు వారములు వేరు తొట్టెలో ఉంచి చూడవలెను. తెల్లమచ్చ వ్యాధికి రాగి మందు వాడవలసివచ్చినచో ఆ వేరు తొట్టెలోనే వాడవలెను. మేత రోజునకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషములలో తినగలిగినంత మాత్రమే వేయవలెను. మిగిలిన మేత యంతయు అమ్మోనియాయే.

వేడిమి, వెలుతురు, సున్నము

మన వేసవిలో తొట్టెకు మొదటి శత్రువు వేడిమి. నీటి ఉపరితలముపై చిన్న పంకా త్రిప్పినచో, మట్టికుండలో నీరు చల్లబడునట్లే, రెండు మూడు డిగ్రీలు తగ్గును. తీరప్రాంతపు ఉక్కలో ఇది అంతగా పనిచేయదు. అచట చిల్లరు అను శీతల యంత్రము కావలసివచ్చును. ఈ ఖర్చు భరింపలేనివారు పగడముల జోలికి పోరాదు. కరెంటు పోయినప్పుడు వేడినీటిలో ప్రాణవాయువు త్వరగా తరిగిపోవును గనుక, బ్యాటరీతో నడచు గాలి పంపు నొకదానిని సిద్ధముగా ఉంచవలెను.

వెలుతురు రోజునకు ఎనిమిది తొమ్మిది గంటలు చాలును. పత్రములతో వచ్చిన పగడములను కూడ, తొట్టె ఒక సంవత్సరము నిలకడగా నడచిన తరువాతనే పెట్టుట మంచిది. అవి పెరుగుకొలది నీటిలోని సున్నము తరుగును. దీనికి సున్నపు తేట మంచి విరుగుడు. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడును లీటరు మంచినీటికి గ్రామున్నర చొప్పున కలిపి, తేరిన పిదప పైతేటను మాత్రమే రాత్రివేళ చుక్కచుక్కగా వదలవలెను. తాంబూలపు సున్నము శుద్ధమైనది కాదు. తేట ఘాటైన క్షారము గనుక ఒక్కసారిగా పోయరాదు, కంట పడరాదు.

క్రమము తప్పని పనులు

ప్రతిదినము: వేడిమి చూడవలెను, ఆవిరియైన మేరకు మంచినీరే పోయవలెను. నీరు ఆవిరియగును గాని ఉప్పు కాదు. ఉప్పునీరు పోసినచో ఉప్పదనము పెరిగిపోవును.
ప్రతివారము: పదవవంతు, అనగా 15 లీటర్లు, తీసి అంతే ఉప్పునీరు పోయవలెను, గాజు తుడిచి, స్కిమ్మరు గిన్నె కడుగవలెను, ఉప్పదనము, క్షారత్వము పరీక్షింపవలెను.
ప్రతిమాసము: పంపులు విప్పి కడుగవలెను, నైట్రేటు, కాల్షియము, మెగ్నీషియము చూడవలెను.
ఎల్లప్పుడు: కొలతలను ఒక పుస్తకమున వ్రాసి ఉంచవలెను.

తొట్టె విరమించినచో ప్రాణులను మరియొక పెంపకందారునికి ఇయ్యవలెనే గాని, కాలువలోగాని సముద్రములోగాని విడువరాదు. మన వైపు సముద్రములలోని సింహచేప అమెరికా తీరపు అట్లాంటికులో వ్యాపించి అచటి చేపలను తినివేయుచున్నది. తొట్టెలనుండి విడిచిపెట్టుటయే ఇందుకు కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

పాఠశాలలో గాని, గ్రామ సచివాలయములో గాని ఇట్టి తొట్టె నొకదానిని శ్రద్ధగా నడపగలిగినచో, సముద్రమెంత సున్నితమైనదో పిల్లలు కన్నులార చూతురు. అట్టి తొట్టెలో దిబ్బనుండి దొంగిలించిన ముక్క ఒక్కటియు ఉండరాదు. తీరగ్రామములవారు పగడములను తీయువారిని చూచినచో అటవీశాఖవారికి వెంటనే తెలుపవలెను. తొట్టె పెట్టదలచినవారు ఈ నెల నీరు కలిపి, రాళ్ళు పేర్చి, ఆరు వారములు వేచియుండి, పరీక్షలో అమ్మోనియా, నైట్రైటు రెండును సున్న యైన పిదపనే చేపకొరకు బయలుదేరవలెను.